తెలిసిన వైఫల్యాల పట్టిక

సెక్టర్ 4లోని ఆ క్వార్టరు వరండాలో, పదకొండవ రోజు భోజనాలు ముగిసిన తరువాత, వచ్చినవారు ఒక్కొక్కరుగా ఆయనను గురించి రెండేసి మాటలు చెప్పారు. ప్లాంటు ప్రయోగశాలలో ఆయనతో కలిసి పనిచేసినవారు ఉక్కు నమూనాల పరీక్షలో ఆయన నిక్కచ్చితనాన్ని తలచుకున్నారు. పక్క క్వార్టరువారు ఆయన ఎవరితోనూ తగవు పెట్టుకోలేదని చెప్పారు. ఒక పెద్దమనిషి, రిటైరైన తరువాత ఆయనకు కంప్యూటర్ పిచ్చి పట్టిందని చెప్పి నవ్వాడు. మరి నలుగురు కలిసి నవ్వారు. ఆ నవ్వులో దురుద్దేశమేమీ లేదు. కాని ఆయన చివరి పన్నెండేళ్లు ఏ పనికి ధారపోశారో తెలిసినవాడిని ఆ వరండాలో నేనొక్కడినే. ముప్పై నాలుగేళ్లు తరగతి గదిలో మాట్లాడినవాడిని, ఆ రోజు నోరు పెగలలేదు. అందువల్ల రాస్తున్నాను.

ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. లినక్స్ అనే వ్యవస్థను ఎవరైనా ఉచితంగా తమ కంప్యూటరులో పెట్టుకోవచ్చు. దేశదేశాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు వేలాది ప్రోగ్రాములను సేకరించి, ఒకదానితో ఒకటి పొసగేలా సరిచూసి, ప్యాకేజీలుగా కట్టి, రెండేళ్లకొకసారి లోకానికి విడుదల చేస్తారు. ఆ ప్యాకేజీలలో కంపైలర్ ఒకటి. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే అంకెలుగా మార్చేది అదే. తక్కినవన్నీ దాని చేతిమీదుగా తయారుకావలసినవే కనుక, అది తప్పితే అన్నీ తప్పుతాయి. కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా దాన్ని నిర్మించి, పరీక్షించి, బాగుందని పూచీపడి పంపే ముగ్గురు నలుగురిలో ఆయన ఒకరు. జీతం లేదు. మిగిలినవారి ముఖాలు కూడా ఆయన చూడలేదు.

మనిషి పొట్టి. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి నలభై ఏళ్లు గడిచినా ఆయన మాటలో ఆ యాస చెక్కు చెదరలేదు. పని మొదలుపెట్టే రోజున ప్లాంటులో తొడిగిన బూడిదరంగు యూనిఫారం చొక్కా తొడుక్కునేవారు. ఆయన నోట కంప్యూటర్ అన్న మాట వినలేదు, మిషను అనేవారు. దాన్ని నడిపే ముందు పై రేకు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, ఆ మోత విని, తల ఊపేవారు. అందులో శాస్త్రమేమిటని ఒకసారి అడిగాను.

"శాస్త్రం ఏటీ లేదు మేస్టారూ. వొస్తన్నానని సెప్పడం."

నాకు ఆయన పరిచయం కావడానికి నా కంప్యూటరే కారణం. రిటైరైన తరువాత నెహ్రూ నగర్‌లోని మా ఇంట్లో ప్రశ్నపత్రాలు తయారుచేసుకుంటూ ఉండగా అది మొండికేసింది. ఎవరో చెప్పగా ఆయన వచ్చి, లినక్స్ పెట్టి, ఒక గంటలో నడిపించారు. ప్రతిఫలం ఏమివ్వాలని అడిగాను.

"మీరు మధ్యాన్నం పడుకుంటారా?"

"ఒక గంట విశ్రమిస్తాను."

"అపుడు మిషను ఖాళీయే గదా. నా పరీచ్చలు మీ మిషనులో కూడా నడపండి. నాది ఒకటే ఉంది. ఒకే మిషను మాట నమ్మి సంతకం పెట్టకూడదు."

అలా నేను ఆయన రెండవ మిషనుకు యజమానినయ్యాను. క్రమేణా పరీక్షల ఫలితాలు చదివి పట్టిక రాసిపెట్టే బాధ్యత కూడా నాకు వచ్చింది. పట్టికలంటే నాకు మొదటినుంచీ ఇష్టం.

పెద్ద నిర్మాణాలు ఆయన క్వార్టరులోనే జరిగేవి. ఆ మధ్యాహ్నాలను గురించి ఎలా రాయాలో నాకు తెలియదు. మత్తును వర్ణించడం నా స్వభావం కాదు. ముందుగదిలో కిటికీ తలుపు ఓరగా వేసి ఉండేది. ప్లాంటు నుంచి వచ్చే సన్నని ఎర్రధూళి ఆ సందులో పడిన ఎండలో నిలిచినట్టే నిలిచి, మెల్లగా తిరుగుతూ ఉండేది. తెర మీద అక్షరాల వరుసలు అడుగునుంచి పుట్టి పైకి పోయి మాయమయ్యేవి. చదవబోతే అందవు, చదవకుండా చూస్తూ కూర్చుంటే ఎక్కడికో తీసుకుపోతాయి. ఆయన పడక కుర్చీలో కళ్లు మూసుకుని, మిషను లోపలి ఫ్యాను మోత వింటూ ఉండేవారు. ఆ మోతను బట్టి పని ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేవారు.

"రెండోది అయిపోవొచ్చింది," అనేవారు కళ్లు తెరవకుండా. నేను తెర చూస్తే నిజమే.

కంపైలర్ తనను తాను మూడుసార్లు తయారుచేసుకుంటుందని నాకు చెప్పింది ఆయనే. నేను నమ్మలేదు. ఏ వస్తువైనా తనను తాను ఎలా తయారు చేసుకుంటుంది?

"మొదటిది పాతోడి సేతి వంట," అన్నారు. "కొత్తోడిని పాతోడు వొండుతాడు. ఆ కొత్తోడు మళ్లీ తననే వొండుకుంటాడు, అది రెండోది. ఆ రెండోవోడు ఇంకోపాలి వొండుకుంటాడు, మూడోది. రెండో దానికీ మూడో దానికీ ఇసుకరేణువంత తేడా ఉండకూడదు. ఉన్నాదంటే ఆడి సేతిలో ఏదో దోషం."

వంటింట్లోంచి ఆయన భార్య అందుకుంది. "ఆ డబ్బా మూడుసార్లు వొండుకోవొచ్చు. నాను ఒక్కపాలి మిక్సీ ఏసుకుంటే ఫ్యూజు పోతాదంట! ఏటన్నయ్యగారూ ఈ న్యాయం?"

"రోట్లో రుబ్బు," అన్నారాయన.

"రుబ్బుతాను, రుబ్బుతాను. ఒకరోజు మీ మిషన్నే రుబ్బీస్తాను."

ఆయన పెదవి చివర నవ్వు కదిలేది. ఫ్యాను మోత మారేది. "మూడోది," అనేవారు. నేను కూడా కళ్లు మూసుకునేవాడిని. తనను తానే మళ్లీ మళ్లీ చేసుకుంటూ, రెండుసార్లు ఒకే తీరుగా రాగలిగితే తప్ప ముందుకు పోలేని ఒక వస్తువు గురించి ఆలోచిస్తూ ఉంటే, ఆ గది, ఆ ధూళి, మేమిద్దరం కూడా ఎవరో రెండవసారి చేసి చూస్తున్నట్టు తోచేది. లేచి చూస్తే నాలుగు గంటలయ్యేది, టీ చల్లారిపోయి ఉండేది.

మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది ఒక్క విషయంలోనే. పరీక్షలు వేలల్లో ఉండేవి. ఒక్కొక్క పరీక్షా చిన్న ప్రోగ్రాము. దాని జవాబు ముందే ఒక ఫైలులో రాసి ఉంటుంది. కొత్త కంపైలర్ అదే జవాబు రప్పించాలి. కొన్ని మాత్రం తప్పేవి. వాటిని ఆయన "తెలిసిన వైఫల్యాలు" అని వేరే పట్టికలో ఉంచి, మిగిలినవి సరిగా ఉంటే ప్యాకేజీ పంపేవారు.

"తప్పినవారి పేర్లు జేబులో పెట్టుకుని తరగతి బాగుందని ప్రకటించడం ఏ పద్ధతి?" అని అడిగాను.

"జేబులో పెట్టలేదు, గోడకి అంటించినాను. ఈళ్లు తప్పుతారు, ఎందుకు తప్పుతారో తెలుసును, అని రాసి మరీ పంపుతన్నాను. ఆళ్లు తప్పితే నాకు బెంగ నేదు. పాసైతేనే బెంగ."

"ఉత్తీర్ణుడైతే బెంగా?"

"సదవనోడు పాసయ్యాడంటే ఏటి అర్థం? పక్కోడి పేపరన్నా సూసుండాల, మేస్టారన్నా సెయ్యి సాయం సేసుండాల."

ఆయన భార్య పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ పట్టికలో అన్నిటికంటె పాతది లేడిల్ పరీక్ష. లేడిల్ అంటే కరిగిన ఉక్కును మోసుకుపోయే పెద్ద గిన్నె. దారిలో అది ఎంత చల్లబడుతుందో లెక్కగట్టే ప్రోగ్రామును ఎవరో ఇంజనీరు ఎప్పుడో రాశాడు. ఆయన దాన్ని పాత కాగితాల్లోంచి ఎక్కించి, ఆనాటి కంప్యూటరు అచ్చువేసిన జవాబునే ఫైలులో ఉంచారు. ఆ జవాబు చివరి అంకె ఏడు. నేటి కంపైలర్లన్నీ ఎనిమిది అనేవి. అందుకని లేడిల్ ప్రతిసారీ తప్పేది. ప్రతిసారీ పట్టికలో దాని చోట అది ఉండేది.

ఇక చెప్పవలసిన సంగతి చెప్తాను. చివరి ఏడాది చక్కెర వ్యాధి ఆయన కళ్లకు పాకింది. రాయపూర్‌లో డాక్టరు ఆపరేషన్ చేయాలని, ఆ తరువాత తెర ముందు కూర్చునే పని మానుకోవాలని చెప్పాడు. అప్పుడే కొత్త కంపైలర్ వచ్చింది. విడుదలకు ప్యాకేజీలు అందించే గడువు ఒక గురువారం, మన గడియారం ప్రకారం సాయంత్రం అయిదున్నర. దాటితే మళ్లీ రెండేళ్లు.

"ఇదొక్కటి పంపీసి కళ్లు డాక్టరుకి అప్పగించీస్తాను," అన్నారు. "ఇదే ఆఖరు సంతకం."

ఆ ముందరి ఆదివారం మధ్యాహ్నం నేను మా ఇంట్లో ఫలితాలు చూస్తూ, ఎందుకో లేడిల్ లెక్కను కాగితం మీద స్వయంగా చేశాను. ఎనిమిది వచ్చింది. మళ్లీ చేశాను. ఎనిమిదే. జవాబు ఫైలులో ఏడు అని ఉంది. తప్పు జవాబు అలా పడి ఉండటం చూసి చూడనట్టు ఊరుకోలేకపోయాను. ఏడు కొట్టేసి ఎనిమిది వేశాను. పరీక్షలు మళ్లీ నడిపి, ఫలితాలు ఆయనకు పంపి, హాయిగా పడుకున్నాను. అడగాలన్న తలపే రాలేదు. ఎర్రసిరాతో దిద్దడమే బతుకైన చేయి అది. దిద్దేముందు ఎవరినీ అడిగి ఎరగదు.

సోమవారం పొద్దున్నే ఫోను. "మేస్టారూ, లేడిల్ పాసయ్యింది!" ఆ గొంతులో భయం ఉంది.

"మంచిదే కదా."

"మంచిదేటండి బాబూ! నా దగ్గర తప్పింది, మీ దగ్గర పాసయ్యింది. అడుగున ఏదో కదిలింది. ప్యాకేజీ ఆపీసినాను."

అప్పుడే నాకు సంగతి అర్థమైంది. అప్పుడే చెప్పి ఉండవలసింది. ఎనిమిదే సరైనది కదా, తీరికగా వివరిస్తాను అనుకున్నాను. నా తప్పును నేను నోటితో చెప్పిన సందర్భం అంతకుముందు ఒక్కటీ గుర్తు రాలేదు.

మంగళవారం ఆయన భార్యను వెంటబెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చారు. దోషం నా మిషనులోనే ఉందేమోనని దాని రేకు విప్పారు. ఆమె టార్చిలైటు పట్టుకుంది. మెమరీ పలకను బయటికి తీసి, "మేస్టారూ, పెన్సిలు రబ్బరుందా?" అన్నారు. నా బల్ల మీది రబ్బరు అందించాను. ఆ పలక అంచున ఉన్న బంగారు గీతలను ఆయన ఆ రబ్బరుతో ఒక్కొక్కటిగా తుడిచారు. కళ్లకు ఆనక, వేలికొనతో తడిమి చూస్తూ తుడిచారు. నేను పక్కనే నిలబడి చూశాను.

"ఆ దేశం ఆవిడ ఉత్తరం రాసింది," అన్నారు తుడుస్తూ. ఆయనతో కలిసి ఆ ప్యాకేజీ చూసుకునే స్త్రీ ఒకరు విదేశంలో ఉండేవారు. "పాసైన పరీచ్చ కోసం పని ఆపీసినోడివి నువ్వొక్కడివే అంటంది. తిట్టో పొగడ్తో తెల్దు."

బుధవారం ఆయన కొత్త కంపైలరులో జరిగిన మార్పులను భూతద్దం పెట్టి వరుసవరుసగా చదవడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆయన భార్య నాకు ఫోను చేసింది. ఎప్పుడూ వేళాకోళంగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నయ్యగారూ, ఆ పాసైనోడెవుడో గానీ ఆడి కోసం ఈయన కన్ను పోతాది. ఎర్రగా అయిపోయి నీరు కారతంది. నాను సెప్తే ఇనరు. మీ మాటంటే గౌరవం. ఆపమని సెప్పండి. బస్, అంతే అడుగుతన్నాను."

గురువారం ఉదయం ఏడింటికి వారి క్వార్టరు తలుపు తట్టాను. ఆయన యూనిఫారం చొక్కాలో ఉన్నారు. కూర్చోకుండానే చెప్పాను. "లేడిల్ ఫైలులో ఏడును ఎనిమిది చేసింది నేను."

ఆయన తలెత్తి నన్ను చూశారు. నా ముఖం ఆయనకు ఎంత కనిపించిందో తెలియదు.

"మీరు దిద్దీసినారా?"

"ఎనిమిదే సరైనది. రెండుసార్లు చేసి చూశాను."

"సరైనదే. నాకూ తెలుసును. గానీ అది జవాబని మీకెవులు సెప్పినారు? పాత మిషను ఆ రోజు సెప్పిన మాట అది. సాచ్చి మాట మీరు దిద్దుతారేటి?"

"ఆ ఫైలును మీ దానితో పోల్చి చూస్తే అర నిమిషంలో తేలిపోయేది కదా," అన్నాను.

"మీ దగ్గరుంది గదా అని సూణ్ణేదు."

నా జీవితంలో నన్ను మందలించినవారు ఉన్నారు. ఆ ఒక్క మాట లాంటిది ఎవరూ అనలేదు. ఆయన మందలింపుగా అనలేదు కూడా.

ఏడును తిరిగి పెట్టేస్తే ఇప్పుడే పంపవచ్చని, పది గంటల వ్యవధి ఉందని తొందరపెట్టాను.

"సెయ్యి పడిన నమూనా పారబోస్తాం మేస్టారూ. కడిగి మళ్లీ పెట్టం. ఇంకేటి ముట్టుకున్నారో మీకే గుర్తుండదు."

"అయితే నా మిషను వదిలేయండి. మీ మిషనులో అన్నీ సరిగానే ఉన్నాయి."

"ఇన్నేళ్లుగా రెండు మిషన్లని రాస్తన్నాను. ఈపాలి ఒకటే సూసి రెండని ఎలగ రాస్తాను? పదండి."

ముగ్గురం మా ఇంటికి వచ్చాం. ఆయన నా మిషనులోని పరీక్షలన్నిటినీ తుడిచిపెట్టి, కొత్తగా తెచ్చి పెట్టి, రేకు మీద రెండుసార్లు కొట్టి నడిపించారు. అప్పుడు ఉదయం ఎనిమిది గంటలయింది. నా మిషను పాతది. మూడు దశలూ పరీక్షలూ కలిపి పదకొండు గంటలు పడుతుంది. ఈ కూడిక నేను ఆటోలోనే చేశాను. ఆయనా చేసి ఉంటారని తెలుసు.

ఆ పగలు ఎలా గడిచిందో నాకు ముక్కలుగానే గుర్తుంది. ఆయన భార్య టిఫిన్ క్యారియర్ విప్పి చింతకాయ పచ్చడన్నం కలిపి మా ఇద్దరికీ పెట్టింది. ఆయన కుర్చీలో కళ్లు మూసుకున్నారు. ఎర్రబడిన కంటి మీద ఆమె తడిగుడ్డ మడిచి వేసింది. ఫ్యాను మోత గదినంతటినీ నింపి, కొంతసేపటికి అది మోతే కానట్టు, మా ఊపిరే అయినట్టు ఉండింది. తెర మీద వరుసలు పుడుతూ పోతూ ఉన్నాయి. "రెండోది," అన్నారాయన ఎప్పుడో. చాలా కాలం తరువాత అన్నట్టుగా, "మూడోది," అన్నారు. నేను మేలుకునే ఉన్నాను, కాని ఆ రెండు మాటల మధ్య ఏమి జరిగిందో చెప్పలేను. గోడ మీది ఎండ కుర్చీ కాలు దాటి, తలుపు దాటి వెళ్లిపోయింది.

అయిదుంబావుకు ఆయన లేచి కూర్చున్నారు. "రాయండి," అన్నారు. కంటి మీద గుడ్డ అలాగే ఉంది. ఆయన చెప్పారు, నేను ఇంగ్లీషులో టైపు చేశాను. ఈ విడుదలకు మా ప్యాకేజీ అందదు. పరీక్ష జరిగిన చోట ఒక పొరపాటు జరిగింది. కనుక్కున్నాం. మొత్తం మళ్లీ నడుపుతున్నాం.

"నా పేరు రాయాలి," అన్నాను.

"వొద్దు."

"పొరపాటు నాది. గడువు తప్పినవారు మీరని వారు అనుకుంటారు."

"అనుకోనీండి. ప్లాంటులో మేం పొరపాటు జరిగిన సోటు రాస్తాం, మనిషిని రాయం. ఒకపాలి మనిషిని రాసీనామంటే, రెండోపాలి ఎవుడూ నోరిప్పి సెప్పడు." గుడ్డ సర్దుకుని, "మీరు సెప్పినారు గదా. అది సాలు," అన్నారు.

తప్పినవారిని తరగతి ఎదుట నిలబెట్టి పేర్లు చదివినవాడిని నేను. ఆ ఉత్తరం నా పేరు లేకుండా నా వేలితోనే వెళ్లింది.

ఆ విడుదల పాత కంపైలరుతోనే జరిగింది. దేశదేశాల్లో లక్షణంగా నడుస్తున్నది. ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. ఒక కన్ను నిలిచింది, రెండవది నిలవలేదు. తరువాతి విడుదల వరకు ఆయన లేరు. ఆ సంస్థ చిట్టాలో ఈనాటికీ ఆలస్యం ఆయన పేరునే ఉంది.

అయినా ఆ గురువారం పని అయిదున్నరకు ఆగలేదు. ఏడు దాటాక, ప్లాంటు వైపు ఆకాశం పారబోసిన స్లాగ్ మడ్డి వెలుగుతో ఒక్కసారి ఎర్రబడి తగ్గిన సమయాన, ఫ్యాను మోత సన్నగిల్లింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, మోకాళ్ల మీద చేతులుంచి కూర్చున్నారు. ఆయన భార్య లైటు వేసింది.

"సదవండి మేస్టారూ."

తెలిసిన వైఫల్యాల పట్టికను పైనుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక్కొక్క పేరు చదివి, ఫలితంలో అది తప్పిందో లేదో చూసి, "ఉంది," అన్నాను. ఒక్కొక్కదానికి ఆయన తల ఊపారు. గడువు పోయింది, ఎవరికీ పంపవలసింది లేదు. అయినా ఒక్క పేరూ వదలనివ్వలేదు. చివరి వరుసకు వచ్చాను.

"లేడిల్."

ఆయన గుడ్డ తీసి నా వైపు తిరిగారు. "ఉన్నాదా?"

ఫైలులో ఏడు, ఫలితంలో ఎనిమిది. రెండంకెలూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్య తేడా అలాగే ఉంది.

"ఉంది," అన్నాను.